ఇల్లు ఖాళీ ఉంది... ఎవరికి?

గేటుకు వేలాడే అట్టముక్క మీద 'టు-లెట్' అని రాసి ఉంటుంది. కింద ఒక ఫోన్ నెంబరు. ఇంటి మాలిక్ ఆ ముక్కను తన పడగ్గదిలో తగిలించుకోడు. వీధివైపు తిప్పి కడతాడు. దారినపోయే ప్రతి మనిషికీ కనపడాలనే కడతాడు. అంటే ఆ బోర్డు వీధితో మాట్లాడుతోంది. చదివిన ప్రతివాడినీ రమ్మంటోంది. వచ్చినవాడు పేరు చెప్పగానే మాత్రం మాట మారుస్తుంది. "అయ్యో, పొద్దున్నే అడ్వాన్స్ తీసుకున్నామండీ!"

పిలిచి పొమ్మనడం ఇంటి యజమాని హక్కా? 'నా ఇల్లు నా ఇష్టం' అనే మాట ఎక్కడిదాకా న్యాయం? ఈ నగరంలో కిరాయి ఇంటి కోసం తిరిగిన ముస్లింలలో ఈ ప్రశ్న తగలనివాళ్లు తక్కువ. అయినా మేం గొణుక్కుని ఊరుకున్నాం. మా లౌకికవాద మిత్రులేమో దీన్ని మతతత్వం అనే పెద్ద గోనెసంచీలో వేసి మూతి కుట్టేశారు. సంచీ విప్పి, లోపల ఉన్నదేమిటో చూద్దామనే ఈ ప్రయత్నం.

మాది ఉస్మాన్‌గంజ్. ఏడో నిజాం పేరు మీద వెలసిన టోకు బజారు. మూసీకి ఉత్తరాన, పాత శహర్ గోడల బయట ఉన్నా, కొత్త నగరంవాళ్ల లెక్కలో మేమూ ఓల్డ్ సిటీవాళ్లమే. (ముస్లింలు కాస్త ఎక్కువగా కనపడితే చాలు, పటం దానంతటదే జరుగుతుంది!) ఒక పక్క మొజంజాహీ మార్కెట్, ఇంకో పక్క అఫ్జల్‌గంజ్, వెనక బేగంబజార్. పొద్దున లేస్తే బస్తాలు, తోపుడు బండ్లు, హమాలీల కేకలు. ఇక్కడ ఇంటికంటే గోదాముకు గిరాకీ ఎక్కువ. మేం ఉంటున్న పోర్షన్‌ను సరుకుకు ఇస్తే రెట్టింపు కిరాయి వస్తుందని మాలిక్ చెప్పినప్పుడు నాకు కోపం కూడా రాలేదు. ఆయన మా వాడే. అయిదు పూటలా నమాజు చేసే మనిషి. వ్యాపారం వ్యాపారమే.

అట్లా మొదలైంది వెతుకులాట. మాకు కావలసినవి ఎక్కువేమీ కాదు. నాది పత్రికలో రాత్రి డ్యూటీ. బేగం ఉద్యోగం అమీర్‌పేట వైపు. అమ్మీకి మోకాళ్లు పనిచేయవు. కాబట్టి మెట్రో స్టేషన్‌కో, నాలుగు బస్సులు ఆగే చోటుకో నడిచి వెళ్లగలగాలి. మెట్లు తక్కువ ఉండాలి. స్లాబు కింద ఉడికిపోని ఇల్లు కావాలి.

ఈ చివరి మాట చలిదేశాలవాళ్లకు వింతగా ఉంటుంది. షికాగోలో డెవాన్ అవెన్యూ వైపు మా హైదరాబాదీలు చాలామంది ఉంటారు. అక్కడ ఇల్లు వెతుక్కునేవాడు మొదట అడిగేది గదులు వెచ్చగా ఉంటాయా అని. చలికాలంలో పగలు గది 68 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 20 డిగ్రీలకు తగ్గకూడదని అక్కడి మునిసిపల్ నిబంధన. వేడి యజమాని బాధ్యత. మా దగ్గర ఆ బాధ్యత సూర్యుడు తీసుకున్నాడు. పై అంతస్తులో ఒంటి ఇటుక గోడలు, ఆర్.సి.సి. స్లాబు... మే నెలలో రాత్రి తొమ్మిదింటికి గోడ మీద చెయ్యి ఆనించలేం. కుళాయి తిప్పితే వుజూకు నీళ్లు కాగి వస్తాయి. డంగు సున్నంతో కట్టిన పాత మందపు గోడల ఇళ్లలో ఈ బాధ లేదు. ఆ ఇళ్లు గంజ్‌లో ఒక్కొక్కటే కూలిపోతున్నాయి.

వేడికి మతం ఉంటుందా అని మీరడగొచ్చు. ఇల్లు చూపించే వరసలో మాత్రం ఉంటుంది. కిందా, మధ్యా గాలీ వెలుతురూ వచ్చే పోర్షన్లు ముందు 'మనవాళ్లకు' పోతాయి. ఎవరూ తీసుకోక ఆర్నెల్లుగా పడి ఉన్న డాబా మీది గది, రేకుల షెడ్డు మిగులుతుంది. అప్పుడు మాలిక్‌కు మా మతం అడ్డు కాదు. నేను చూసిన ఇళ్లలో పేరు విన్నాక కూడా తలుపు తీసినవి మూడు. మూడూ స్లాబు కిందివే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మంచిదే. కానీ నివాస గృహాల్లో అది తప్పనిసరి అయింది 600 గజాలూ ఆపై స్థలాల్లో కట్టేవాటికే. మాకు దొరికే స్లాబులకు ఆ చల్లదనం చేరదు.

ఫోన్‌లో నా కథ వేరుగా నడుస్తుంది. నేను బి.ఏ.లో తెలుగు ప్రధానంగా చదివాను. ఉర్దూ ఇంట్లోది, తెలుగు కష్టపడి సంపాదించుకున్నది. అందుకే అవతలివాళ్లకు నా మాటలో ఏ వాసనా దొరకదు. అయిదు నిమిషాలు హాయిగా మాట్లాడతారు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయనీ, బండి పెట్టుకునే చోటుందనీ చెబుతారు. చివర్న గొంతు తగ్గించి "మీరు... ఏమిట్లండీ?" అంటారు. పేరు చెబుతాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత వచ్చే మాట "తెలుగు భలే మాట్లాడుతున్నారే!" దాని తర్వాతది "ఇంట్లోవాళ్లను అడిగి చెబుతాం."

ఆ ఇంట్లోవాళ్లు ఎన్నడూ ఒప్పుకోరు.

ఇది నా ఒక్కడి అనుభవమనుకుంటే పొరపాటు. 2006 నాటి సచార్ కమిటీ నివేదికలోనే ముస్లింలకు ఇల్లు కొనడం, కిరాయికి దొరకడం కష్టమవుతోందని ఉంది. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ చుట్టుపక్కల నగరాల్లో చేసిన పరీక్ష 2015లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఒకే రకం ఆదాయం, ఉద్యోగం ఉన్నట్టు చెప్పుకుంటూ అగ్రకులాల, దళిత, ముస్లిం పేర్లతో ఇళ్లకు ఫోన్లు చేశారు. ఫోన్‌లో అగ్రకులాలవాళ్లను కాదన్నవాళ్లు లేరు. ముస్లింలలో మూడోవంతుకు దగ్గరగా నేరుగా లేదనిపించుకున్నారు. దళితులకూ ఇదే ఎదురైంది, కొంచెం తక్కువ పాళ్లలో. వెలివాడ ఊరి చివర్నే ఉండక్కర్లేదు. ఫోన్ తీగలో కూడా ఉంటుంది.

సరే, ఇప్పుడు నీతి సంగతికి వద్దాం. నా మిత్రుడొకాయన గంజ్‌లో కిరాణా టోకు వ్యాపారి. వైశ్యులు. నాకంటే పదేళ్లు పెద్ద. రంజాన్‌కు హలీమ్ ముట్టడు గానీ ఖర్జూరాలు ఇస్తే కళ్లకద్దుకుంటాడు. ఆయనకీ పై అంతస్తులో కిరాయిపోర్షన్ ఉంది. ఆయన మాట దాపరికం లేనిది. "భాయ్, మీరు తప్పుగా అనుకోవద్దు. ఇల్లు నాది. అప్పు చేసి కట్టుకున్న. ఒకటే మెట్లు, ఒకటే బోరు. మా అమ్మ పొద్దున మడి కట్టుకుంటది. పైన గోష్ వండితే ఆమె అన్నం తినదు. నా ఇంట్ల ఎవరుండాల్నో నేను చెప్పుకోవద్దా?"

ఈ మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయను. ఆ ముసలమ్మ అన్నం తినకపోవడం నిజం. ఇల్లు హోటల్ కాదన్నదీ నిజం. ఇంటిలో మనిషి తన అలవాట్లతో, తన భయాలతో, తన దేవుడితో ఒంటరిగా ఉండే హక్కు ఉంది. ఆ హక్కు మాకూ కావాలి. మా వంటింట్లోకి తొంగి చూసేవాళ్లను చూసి రోజూ వణికేది మేమే కదా!

అయితే ఆయన వాదంలో రెండు ఇళ్లు కలిసిపోయాయి. ఒకటి ఆయన బతికే ఇల్లు. రెండోది ఆయన అమ్మే సరుకు. కింది అంతస్తు ఆయన జీవితం, పై అంతస్తు ఆయన వ్యాపారం. దుకాణంలో కందిపప్పు అమ్మేటప్పుడు ఆయన నా పేరడగడు. అడిగితే తప్పని ఆయనకూ తెలుసు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లలోకి ఏ పౌరుణ్ణీ మతం పేరుతో, కులం పేరుతో రానీయకపోవడాన్ని నిషేధించింది. ఆ జాబితాలో కిరాయి ఇల్లు లేదు. బావి దగ్గర నీళ్లు తోడుకోవచ్చు గానీ ఆ నీళ్లు తెచ్చుకుని దించుకునే చోటు సంగతి ఆ క్లాజు చెప్పలేదు.

కిరాయి ఇల్లు పూర్తిగా సొంత వ్యవహారమని మన చట్టాలు మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఆంధ్రప్రదేశ్ 1960 నాటి ఇళ్ల అద్దె నియంత్రణ చట్టం చూడండి. ఇల్లు ఖాళీ అయితే యజమాని అధికారికి కబురు చేయాలి. ప్రభుత్వ ఉద్యోగుల కోసం అవసరమైతే ఆ ఇంటిని ప్రభుత్వం తీసుకోవచ్చు. అంటే తహసిల్దారుగారికో, ఇంజనీరుగారికో ఇల్లు కావాలంటే 'నా ఇల్లు నా ఇష్టం' చెల్లదు! సామాన్య పౌరుడికి ఇల్లు కావాల్సి వచ్చినప్పుడే ఆ ఇష్టం పవిత్రమైపోయింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసింది. తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం పెట్టిన ఆరాయిష్-ఎ-బల్దా మురికివాడలు తొలగించి పేదలకు తక్కువ కిరాయి ఇళ్లు కట్టింది. గూడు ఊరుమ్మడి వ్యవహారమని నవాబుల కాలంలోనే తెలుసు.

ఇక్కడ మా ఇంటి లోపలి సంగతి ఒకటి చెప్పాలి. ఇస్లామీ ఫిఖ్‌లో 'షుఫా' అనే హక్కు ఉంది. పక్క ఇల్లు అమ్మకానికి వస్తే పరాయివాడికంటే ముందు కొనుక్కునే హక్కు. హనఫీ ఫిఖ్ ప్రకారం అది పొరుగువాడికీ ఉంది. పరాయివాడు వచ్చి ఇరుగుపొరుగు శాంతిని చెరపకూడదన్నది దాని వెనక ఆలోచన. నా కిరాణా మిత్రుడి వాదానికి ఇది అరబ్బీలో ఉన్న అన్నగారు! పొరుగును ఎంచుకునే హక్కు. మరి 1962లో సుప్రీంకోర్టు భావురామ్ కేసులో ఏమంది? కేవలం పొరుగువాడన్న కారణంతో ఉండే షుఫా రాజ్యాంగానికి నిలవదంది. వేరే మతం, వేరే కులంవాళ్లు ఒక ప్రాంతంలోకి రాకుండా చేయడమే దాని అసలు ప్రయోజనమైతే, 15వ అధికరణం వచ్చాక దాన్ని సమంజసమైన ఆంక్ష అనలేమన్నది ఆ తీర్పు సారం. మా హక్కు ఒకటి పోయింది. నేను దాన్ని తలుచుకుని ఏడవడం లేదు, పోవలసిందే పోయింది. కానీ 2005లో అదే సుప్రీంకోర్టు పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో, సహకార సంఘం తన సభ్యత్వాన్ని ఒక మతంవాళ్లకే పరిమితం చేసుకోవచ్చంది. ఒక్క పొరుగువాడు చేస్తే చెల్లనిది, పొరుగువాళ్లందరూ కలిసి సంఘం పెట్టుకుని చేస్తే చెల్లుబాటయింది. పార్సీలు కొద్దిమంది. తమ కాలనీ తాము కాపాడుకోవాలనే వాళ్ల ఆరాటం అర్థమవుతుంది. ఆ తీర్పు నీడలో ఎవరెవరు తలదాచుకుంటారన్నదే నా దిగులు.

ఇక మెట్రో సంగతి. నాకు అన్నింటికంటే పదునైన వాదం అక్కడే కనపడుతుంది. ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేట దాకా రైలు 2018 సెప్టెంబర్ 24న నడిచింది. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్, ఎం.జి.బి.ఎస్. స్టేషన్ గంజ్ నుంచి నడవగలిగే దూరంలోకి వచ్చాయి. కట్టింది ప్రైవేటు కంపెనీయే అయినా, రోడ్ల నడుమ చోటిచ్చింది ప్రభుత్వం. కేంద్రం మంజూరు చేసిన లోటు భర్తీ నిధి 1,458 కోట్ల రూపాయలు. ఇందులో హమాలీ కొన్న అగ్గిపెట్టె మీది పన్ను కూడా ఉంది. స్టేషన్ రాగానే దాని చుట్టూ కిరాయిలు పెరిగాయి. ఆ పెరుగుదలను ఇంటి యజమాని తన చెమటతో తెచ్చుకోలేదు. అది మనందరి డబ్బు ఆయన గుమ్మం ముందు ఆగడం. "మెట్రోకు అయిదు నిమిషాల నడక" అని బోర్డు మీద రాసి ఉమ్మడి సొమ్మును తన కిరాయిలో కలుపుకున్నవాడు, ఆ ఉమ్మడిలోని మనిషిని గేటు దగ్గర ఆపి "ఇది నా సొంతం" అంటే ఎట్లా కుదురుతుంది? రైలు ఎక్కేటప్పుడు టికెట్ యంత్రం పేరు అడగదు. దిగి ఇంటికి వెళ్లాల్సిన చోట అడుగుతారు. అట్లా స్టేషన్లన్నీ అందరివీ, స్టేషన్ల చుట్టూ ఇళ్లు కొందరివీ అయ్యాయి.

మరి పాత శహర్‌లో మీవాళ్ల దగ్గరే ఉండొచ్చు కదా అంటారు. ఈ సలహా ఇచ్చేవాళ్లు చెడ్డవాళ్లు కారు, ప్రేమతోనే అంటారు. జె.బి.ఎస్. నుంచి వచ్చే లైను ఫలక్‌నుమా దాకా పోవాలని మొదటి ప్లాను. 2020 ఫిబ్రవరి 7న అది ఎం.జి.బి.ఎస్. దగ్గర ఆగింది. మూసీ అవతలి భాగానికి శంకుస్థాపన జరిగింది 2024 మార్చి 8న. రైలున్న చోట ఇల్లు ఇవ్వరు, ఇల్లిచ్చే చోటికి రైలు రాదు. ఆ తర్వాత మమ్మల్ని చూసి "వీళ్లు ఒకే చోట గుంపుగా ఉంటారు, కలవరు" అంటారు! 1990 డిసెంబర్ అల్లర్ల తర్వాత కలిసి ఉన్న బస్తీలు విడిపోయాయి. హిందువులు కొందరు ఇటునుంచి వెళ్లారు, ముస్లింలు కొందరు అటునుంచి వచ్చారు. భయం గీసిన ఆ గీతను కిరాయి మార్కెట్ ఇప్పటికీ ప్రతి నెలా దిద్దుతూనే ఉంది.

మా వాళ్లనూ వదలకూడదు. ముస్లిం మాలిక్‌లు ఎంతమంది దళిత కుటుంబాన్ని పైకి రానిస్తారు? దూదేకులవాళ్లు వస్తే "మీకు కల్మా వచ్చా?" అని అడిగిన మాలిక్ నాకు తెలుసు. పక్క మస్లక్ మసీదుకు వెళ్తాడని కిరాయిదారును ఖాళీ చేయించినవాళ్లున్నారు. ఒంటరిగా ఉండే నర్సుకు ఇల్లివ్వనివాళ్లలో హిందూ ముస్లిం భాయీ భాయీ! మౌల్వీసాబ్ జుమా బయాన్‌లో హుకూకుల్ ఇబాద్ గురించి కంటతడి పెట్టిస్తారు. సాటి మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషి మాఫీ చేస్తే తప్ప అల్లా కూడా మాఫీ చేయడని చెబుతారు. అది విన్న మనిషే మధ్యాహ్నం ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడ్డవాణ్ని "కౌన్ లోగా?" అంటాడు. తేడా ఒకటుంది. మేం కాదంటే ఆ మనిషికి నగరంలో ఇంకా వెయ్యి గుమ్మాలుంటాయి (దళితుడికి అవీ ఉండవు). మమ్మల్ని కాదంటే మాకు మూసీ గట్టు మిగులుతుంది. బలంలో తేడా ఉంది. తప్పు మాత్రం ఒకే జాతిది.

'ఇచ్చేశామండీ' అనే అబద్ధం గురించి నేను చాలా ఆలోచించాను. మొహం మీదే "తురకోళ్లకు ఇవ్వం" అన్నవాళ్లు నాకు ఇద్దరే తగిలారు. మిగతావాళ్లంతా అబద్ధం చెప్పారు. మనిషి ఎప్పుడు అబద్ధం చెబుతాడు? నిజం చెబితే తాను చిన్నబోతానని తెలిసినప్పుడు. 'నా హక్కు' అని నిజంగా నమ్మినవాడు హక్కును దాచుకోడు. కుక్కలు పెంచేవాళ్లకు ఇవ్వమని బోర్డు మీదే రాస్తారు, అందులో సిగ్గేమీ లేదు కాబట్టి. మా విషయంలో గొంతు తగ్గుతుంది. ఆ తగ్గిన గొంతులోనే నాకు కాస్త ఆశ ఉంది. శాకాహారులకు మాత్రమే అనే బోర్డు కూడా అట్లా తగ్గించిన గొంతే. మా ఇంట్లో వారానికి అయిదు రోజులు పప్పుచారే, అయినా ఆ బోర్డు నాకోసమేనని నాకు తెలుసు, రాసినాయనకూ తెలుసు.

మా దోస్తు ఒకడు కరీమ్ కాస్తా కిరణ్ అయి ఇల్లు సంపాదించాడు. పిల్లలకు బయట అబ్బా అనొద్దు, నాన్నా అనమని నేర్పాడు. నేను అతణ్ని తప్పుపట్టను. చలిలో నిలబడ్డవాడికి సత్యవ్రతం బోధించేవాళ్లు వెచ్చగా ఉన్నవాళ్లే. నేను మాత్రం ఆ పని చేయలేను. నీతిపరుణ్నని కాదు. అమ్మీ చెవులు సరిగా వినపడవు, నాన్నా అంటే ఎవర్ని పిలుస్తున్నారని అడుగుతుంది!

నాకు చిరాకు తెప్పించిన ఇల్లు మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లోది. లిఫ్టుంది, స్టేషన్ దగ్గర, మూడో అంతస్తు, పైన ఇంకా రెండు అంతస్తుల నీడ. యజమాని అమెరికాలో ఇంజనీరు. బ్రోకరు ఫోన్ చేసి అడిగి, "సారు ముస్లిమ్స్‌కి వద్దన్నారు" అన్నాడు. ఆ యజమాని ఉంటున్న దేశంలో 1968 ఏప్రిల్ 11 నుంచి ఒక చట్టం ఉంది. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి సంతకమైంది. రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనకూడదు. తెలుగువాడు అక్కడ దిగిన మొదటి నెలలో అపార్ట్‌మెంట్ దొరకడం వెనక ఆ చట్టం ఉంది. నల్లవాళ్లు నెత్తురోడ్చి తెచ్చిన నీడలో కూర్చుని, ఫోన్‌లో ఇక్కడ ఒక గేటు మూశాడు. ఆయనకు తాను చేసింది తప్పని తట్టి ఉండదు. అక్కడ అడ్డుకునేది చట్టం, ఇక్కడ అడ్డుకునేది ఎవరు?

ఆ అమెరికా చట్టంలో ఒక మినహాయింపుంది. నాలుగు వాటాలకు మించని ఇంట్లో యజమాని తానూ ఉంటే ఆ చట్టంలోని చాలా నిబంధనలు అతనికి వర్తించవు. దాన్ని 'మిసెస్ మర్ఫీ' మినహాయింపు అంటారు. గదులు కిరాయికిచ్చుకుని బతికే ముసలి వితంతువును ఊహించుకుని పెట్టిన పేరు. మంచి దయే. కానీ ఈ దయను హైదరాబాదుకు తెస్తే ఏమవుతుంది? గంజ్‌లో, మలక్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో కింద మాలిక్, పైన కిరాయిదారు... వీధంతా మర్ఫీలే! చట్టం గేటు దాటి లోపలికే రాదు.

అందుకే నేను నా కిరాణా మిత్రుడితో ఒక బేరం పెట్టాను. ఒకే వంటిల్లు, ఒకే వరండా పంచుకునే గది అయితే ఎవర్ని ఉంచుకోవాలో మీ ఇష్టం. మీ అమ్మగారి మడికి నేనూ కాపలా ఉంటాను. కానీ పై పోర్షన్‌కు వేరే కరెంటు మీటరు పెట్టించుకున్నారు కదా. మీటరు కోసం దరఖాస్తు చేసినప్పుడు ఇది వేరే ఇల్లని సంతకం పెట్టింది మీరే. సర్కారుకు వేరే ఇల్లయింది, నాకు మాత్రం మీ ఇల్లెట్లా అవుతుంది? వేరే మీటరున్న చోట పేరు అడగకూడదు. కిరాయి కట్టగలడా, గోడలు పాడుచేస్తాడా, ఇవే అడగాలి. సంఘాలున్న అపార్ట్‌మెంట్లకైతే ఇంత తర్కం కూడా అక్కర్లేదు. అక్కడ మర్ఫీ లేడు.

ఆయన నవ్వాడు. "మీటరు తీసేయిస్త భాయ్, అప్పుడు?"

"తీసేయించండి. రెండు ఇళ్ల యూనిట్లు ఒకే బిల్లులో పడతాయి. పై శ్లాబు రేటు వస్తుంది."

ఆయన నవ్వు ఆపి లెక్క వేయడం మొదలుపెట్టాడు.